టీచర్ ఉద్యోగానికి ఏజెంటుకి 1.8 లక్షలు కట్టే ముందు ఇది చదవండి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఎం.ఏ. ఇంగ్లీషు, బీఈడీ, నరసరావుపేటలో ఇంటర్ కాలేజీలో ఆరేళ్ళుగా పాఠాలు, చేతికొచ్చేది 32 వేలు, నాలుగేళ్ళ బాబు. హైదరాబాద్‌లో ఒక కన్సల్టెన్సీ 1.8 లక్షలు కడితే థాయిలాండ్‌లో ఇంగ్లీషు టీచర్ ఉద్యోగం అంటోంది, ముందు టూరిస్టుగా వెళ్ళాలట, వీసా అక్కడ మార్పిస్తారట. కట్టాలా, మన యాసతో ఎవరైనా ఉద్యోగం ఇస్తారా, బాబుని తీసుకెళ్ళొచ్చా, చివర్లో మొహమాటంగా ఆవకాయ తీసుకెళ్ళనిస్తారా అని అడిగారు. నేను 2009 నుంచి 2023 దాకా మూడు దేశాల్లో ఈ పనే చేసి వచ్చాను, ఇథియోపియా, సౌదీ, ఒమన్. కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తాను, ఓపిక పట్టండి.

డబ్బు కట్టకండి. మన విదేశాంగ శాఖ దగ్గర రిజిస్టరైన ఏజెంటు మీ దగ్గర తీసుకోగలిగిన సర్వీసు ఛార్జీ 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతే. రిజిస్టరైన వాళ్ళ పేర్లన్నీ ఆ శాఖ వాళ్ళ ఈమైగ్రేట్ వెబ్‌సైట్‌లో ఉంటాయి, ఆ కన్సల్టెన్సీ పేరు అక్కడ కొట్టి చూడండి, లేకపోతే ఇక మాట్లాడేదేమీ లేదు. ఉన్నా సరే, 1.8 లక్షలు దేనికో రాసిమ్మనండి, వాళ్ళ గొంతు మారిపోతుంది.

"అక్కడికెళ్ళాక మారుస్తాం" అనే మాట దగ్గర ఇంకా జాగ్రత్త. వీసా మార్చుకునే దారి కాగితం మీద ఉంటే ఉండొచ్చు గానీ, వర్క్ పర్మిట్ లేకుండా క్లాసులో నిలబడి పాఠం చెప్పడం అక్కడ నేరం, పట్టుకుంటే వెనక్కి పంపేది మిమ్మల్ని, కన్సల్టెన్సీ వాణ్ణి కాదు. నిజమైన స్కూలైతే ఆఫర్ లెటరు, మిగతా కాగితాలు ముందే పంపుతుంది, ఇక్కడే నాన్ ఇమ్మిగ్రెంట్ బీ అనే వీసా తీసుకుని రమ్మంటుంది. ఇంకోటి, భయపెట్టడానికి కాదు గానీ చెప్పక తప్పదు. బ్యాంకాక్‌లో ఉద్యోగం అని పిలిపించి, అక్కడి నుంచి కారులో మే సోట్ అనే సరిహద్దు ఊరికి తీసుకెళ్ళి, నది దాటించి మయన్మార్‌లో సైబర్ మోసాల కంపెనీలకు అప్పగించిన కేసులు బోలెడు. విదేశాంగ శాఖ 2022లోనే దీని మీద హెచ్చరిక ఇచ్చింది. కంబోడియాకి ఇలాగే పంపిన ఏజెంట్లను 2024లో విశాఖ పోలీసులు పట్టుకున్నారు. అలా వెళ్ళి ఇరుక్కున్న వాళ్ళలో చాలామందికి డేటా ఎంట్రీ ఉద్యోగం అని చెప్పారు. రేపు టీచర్ ఉద్యోగం అని చెప్పడానికి ఆ ఏజెంట్లకేం అడ్డం?

ఇక యాస సంగతి. ఇక్కడ నిజం చేదుగా ఉంటుంది. ఈ ఉద్యోగాల మార్కెట్లో ముందు చూసేది మీ ఇంగ్లీషు కాదు, మీ పాస్‌పోర్టు రంగు. దక్షిణ కొరియాలో ఇంగ్లీషు టీచర్లకిచ్చే ఈ-2 వీసా మామూలుగా ఏడు దేశాల వాళ్ళకే: అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజీలాండ్, ఐర్లండ్, దక్షిణాఫ్రికా. మనకైతే భారత్-కొరియా వాణిజ్య ఒప్పందం కింద సహాయక టీచరు అనే ఇరుకు దారి ఒక్కటే, మీరు ఆక్స్‌ఫర్డ్‌లో పీహెచ్‌డీ చేసొచ్చినా అంతే. థాయిలాండ్‌లో మనవాళ్ళు లేరని కాదు, ఉన్నారు, ఫిలిప్పీన్స్ వాళ్ళయితే వేలల్లో ఉన్నారు, కానీ అదే స్కూల్లో అదే క్లాసుకి తెల్లవాడికిచ్చే జీతం కంటే తక్కువ ఇస్తారు, పైగా చాలాచోట్ల టోయిక్ అనే ఇంగ్లీషు పరీక్షలో 600కి పైన తెమ్మంటారు. మీ లెక్కకి అద్దె, తిండి, రానుపోను టికెట్లు తీసేస్తే నరసరావుపేట జీతానికీ దానికీ మిగిలే తేడా ఎంత అని పేపరు మీద వేసుకోండి. నేనైతే వెళ్ళను.

సౌదీలో నా మొదటి కాంట్రాక్టు నెలకి 7,500 రియాళ్ళు. పక్క సీట్లో ఒక బ్రిటిష్ కుర్రాడు, డిగ్రీ చరిత్రలో, నెల రోజుల టీచింగ్ కోర్సు, అంతకు ముందు పబ్బులో పని. వాడికి 13,000. ఇద్దరిదీ అదే పుస్తకం, అదే గది, అదే పిల్లలు. కడుపు మండలేదని అబద్ధం చెప్పను, మొదటి సెమిస్టరంతా మండింది. కానీ వాడు మంచివాడు, తర్వాత స్నేహితులమయ్యాం, ఆ స్నేహం వల్లే నాకో సంగతి అర్థమైంది, అదే ఈ జవాబులో అసలు ముక్క.

మా స్టూడెంట్లంతా యూనివర్సిటీలో ప్రిపరేటరీ ఇయర్ కుర్రాళ్ళు, అంటే ఇంటర్ అయ్యాక అసలు డిగ్రీలోకి పోకముందు ఏడాది పాటు ఇంగ్లీషు, లెక్కలు నేర్పే క్లాసు. ఒకరోజు ఆ బ్రిటిష్ కుర్రాడు తల పట్టుకుని కూర్చున్నాడు, "మూడు వారాల నుంచి చెబుతున్నా, హీ టీచర్, షీ డాక్టర్ అనే రాస్తున్నారు, మధ్యలో ఈజ్ ఎందుకు పెట్టరు వీళ్ళు?" అని. నాకు నవ్వొచ్చింది. అరబిక్‌లో "అతను టీచర్" అనడానికి మధ్యలో క్రియ అక్కర్లేదు, మన తెలుగులోనూ అక్కర్లేదు. "అతను టీచర్." అయిపోయింది. ఈజ్ అనే ఆ పుల్ల ఎందుకు గుచ్చాలో ఆరో తరగతిలో నాకూ అర్థం కాలేదు, మా మాస్టారు చేతి మీద కొట్టి గుచ్చించారు. ఆ బ్రిటిష్ కుర్రాడు ఈజ్‌తోనే పుట్టాడు, లేకపోతే ఎలా ఉంటుందో వాడికి ఊహకే అందదు. నేను బోర్డు మీద అరబిక్ వాక్యం ఒకటి (పిల్లల్నే రాయమని), కింద తెలుగు వాక్యం, దాని కింద ఇంగ్లీషు రాసి, "చూడండి, మీదీ మాదీ ఒకటే, వీళ్ళకే ఒక ముక్క ఎక్కువ" అన్నాను. ఆ రోజు నుంచి మరిచిపోయిన వాడిని పక్కవాడే గుర్తు చేసేవాడు.

ఇలాంటివి ఎన్నో. అరబిక్‌లో 'ప' లేదు, పెప్సీ డబ్బా మీద కూడా వాళ్ళ లిపిలో బీబ్సీ అనే ఉంటుంది. 'వ'కి బదులు 'ఫ' పలుకుతారు, అందుకే ఆరేళ్ళు నేను "మిస్టర్ ఫెంకట". మాట మొదట్లో రెండు హల్లులు కలిసొస్తే ముందో మధ్యలోనో ఒక అచ్చు దూరుస్తారు, మన ఊళ్ళో ఇస్కూలు, ఇస్టేషను అన్నట్టే. రాతలో పొట్టి అచ్చులు సాధారణంగా రాయరు కాబట్టి ఇంగ్లీషు స్పెల్లింగులో అచ్చులు మింగేస్తారు. ఇవన్నీ నాకు పుస్తకం చదివి తెలిసినవి కాదు, నా భాషలోంచి ఇంగ్లీషులోకి నేనూ ఇలాగే దెబ్బలు తింటూ వచ్చాను కాబట్టి వాళ్ళకి ఎక్కడ దెబ్బ తగులుతుందో ముందే కనిపించేది. మీ బలం ఇదండీ. బీబీసీ యాస తెచ్చి పెట్టుకోవాలని చూడకండి, అరువు యాస రెండో నిమిషంలో జారిపోతుంది.

అలాగని మన ఇంగ్లీషు ఉన్నదున్నట్టు పనికొస్తుందనీ కాదు. మనకి ఒక్కటే 'వ' ఉంది, ఇంగ్లీషులో రెండున్నాయి, వెట్ అంటే పశువుల డాక్టరో తడిసిందో తేలదు. జీరో, జూ అనేటప్పుడు మనది గట్టి 'జ'. వీటి మీద రెండు నెలలు కూర్చుంటే బాగుపడతాయి. మాటల్లో "ఐ హావ్ ఎ డౌట్" అని ఇంటర్వ్యూలో అనకండి, బయటివాళ్ళకి మీరు ఆయన్ని అనుమానిస్తున్నట్టు వినిపిస్తుంది. "ఐ యామ్ హావింగ్ టూ బ్రదర్స్", "పాస్డ్ అవుట్ ఇన్ 2015" ఇవన్నీ గుంటూరులో చెల్లుతాయి, మస్కట్‌లో ఎదుటివాడి కనుబొమలు పైకి లేస్తాయి.

అంతకంటే పెద్ద చిక్కు ఇంటర్వ్యూలో చెప్పించే డెమో క్లాసు. మీరు తొంభైమంది ఉన్న సెక్షన్లో మైకు పట్టుకుని గ్రామరు చెప్పే అలవాటులో ఉన్నారు, నేనూ అంతే. నా మొదటి డెమోలో ఇరవై నిమిషాలకి పదిహేడు నిమిషాలు నేనే మాట్లాడాను, చాలా బాగా చెప్పాననుకున్నాను కూడా. చూస్తున్నాయన "పిల్లలు ఎప్పుడు మాట్లాడారు?" అని ఒక్కటే అడిగి కాగితం మడిచేశాడు. ఆ ఉద్యోగం రాలేదు. టీచరు నోరు తగ్గించి పిల్లల నోరు తెరిపించడం అనేది నేర్చుకోవాల్సిన పని, అది మనకి బీఈడీలో పేరుకి చెబుతారు. అందుకే డబ్బు ఖర్చు పెట్టాలనుంటే ఏజెంటు మీద కాదు, దీని మీద పెట్టండి. కేంబ్రిడ్జ్ వాళ్ళ సెల్టా అనే కోర్సు ఉంది, 120 గంటలు, అందులో ఆరు గంటలు నిజమైన విద్యార్థులకి మీరు పాఠం చెప్పాలి, వెనక కూర్చుని మార్కులు వేస్తారు. ఖర్చు బాగానే అవుతుంది. అంత వద్దనుకుంటే మన హైదరాబాద్‌లోనే ఇఫ్లూ అనే యూనివర్సిటీ ఉంది, పాతవాళ్ళకి సీఫెల్ అంటే తెలుస్తుంది, 1958లో మొదలైన సంస్థ, ఇంగ్లీషు ఎలా చెప్పాలో నేర్పడానికే పుట్టింది. నేను దూరవిద్యలో వాళ్ళ పీజీసీటీఈ, అంటే ఇంగ్లీషు బోధనలో పీజీ సర్టిఫికెట్ కోర్సు, చేశాను. గల్ఫ్ యూనివర్సిటీల ఇంగ్లీషు విభాగాల్లో ఆ పేరు తెలిసినవాళ్ళు ఎవరో ఒకరు తగులుతూనే ఉంటారు, వాళ్ళలో సగం మంది అక్కడ చదివినవాళ్ళే. ఆన్‌లైన్లో రెండు వేలకి వచ్చే 120 గంటల సర్టిఫికెట్లున్నాయే, అవి ఫైల్లో ఒక కాగితం పెరగడానికి తప్ప ఇంకెందుకూ పనికిరావు.

నా మొదటి ఉద్యోగం కూడా ఆ కోర్సు కాంటాక్టు క్లాసుల్లో కలిసిన ఒక సీనియర్ చెబితే వచ్చిందే, ఇథియోపియాలో. ఢిల్లీలో ఇంటర్వ్యూ, ఏజెంటుకి పైసా ఇవ్వలేదు. అర్బా మించ్ అనే ఊరు, ఆ పేరుకి నలభై ఊటలని అర్థం. అక్కడ తొమ్మిదో తరగతి నుంచి చదువు ఇంగ్లీషులోనే, అందుకే మన లెక్చరర్లు చాలామంది అన్ని సబ్జెక్టులకీ వెళ్ళారు, వైజాగ్ ఆంధ్రా యూనివర్సిటీకి వాళ్ళ పిల్లలు వస్తుంటారు కాబట్టి "ఏయూ" అంటే గుర్తుపట్టే వాళ్ళు కూడా ఉండేవాళ్ళు. మొదటి వారం క్లాసు రెండింటికి అని టైంటేబుల్లో ఉంటే, భోజనం చేసి తీరిగ్గా మధ్యాహ్నం వెళ్ళాను. గది ఖాళీ. వాళ్ళ గడియారం పొద్దు పొడవడంతో మొదలవుతుంది, మన ఏడు వాళ్ళకి ఒంటిగంట, క్లాసు పొద్దున ఎనిమిదింటికే అయిపోయింది. ఏడాదికి పదమూడు నెలలు, లెక్కేమో మనకంటే ఏడెనిమిదేళ్ళు వెనక. ఇంకో వింత, అవును అనడానికి చాలామంది మాట అనరు, గాలి లోపలికి ఒక్కసారి పీలుస్తారు. అర్థమైందా అని అడిగితే ముందు బెంచీ అమ్మాయి హఠాత్తుగా ఊపిరి పీల్చేసరికి ఏమైందోనని దగ్గరికి పరిగెత్తాను. క్లాసంతా నవ్వు. ఇంజెరా అని పులిసిన పిండితో పెద్ద అట్టు వేస్తారు, మొదటి నెల తినలేకపోయాను, మూడో ఏడాదికి దోసె కంటే అదే బాగుందనిపించింది.

అక్కడ డబ్బు పెద్దగా మిగల్లేదు. ఒకటి మాత్రం నేర్చుకున్నాను, కాంట్రాక్టులో జీతం ఎంత అనేదానికంటే ఏ కరెన్సీలో అనేది ముఖ్యం. 2010లో ఇథియోపియా కరెన్సీ బిర్రు విలువ తగ్గించారు, 2024లో దాన్ని పూర్తిగా మార్కెట్‌కి వదిలేసేసరికి కొద్ది నెలల్లోనే విలువ సగానికి పైగా పోయింది. సౌదీ రియాలు 1986 నుంచి డాలరుకి 3.75 దగ్గర కట్టేసి ఉంది, ఒమన్ రియాలు కూడా డాలరుతో ముడిపడిందే, ఆ భయం లేదు.

మీకు బీఈడీ ఉంది కాబట్టి మాల్దీవులు కూడా చూడండి. అక్కడి స్కూళ్ళలో మనవాళ్ళు, ముఖ్యంగా కేరళ, తమిళనాడు వాళ్ళు ఎప్పటి నుంచో ఉన్నారు, చదువు ఇంగ్లీషు మీడియమే. కానీ పోస్టింగు చిన్న దీవిలో వస్తే ఒక వీధి, ఒక కొట్టు, నాలుగు వైపులా నీళ్ళు, ఒంటరితనం తట్టుకోగలరా అనేది మీకే తెలియాలి. అక్కడి కరెన్సీ రుఫియాని డాలర్లుగా మార్చి పంపడం కూడా అంత సులువు కాదు, చేరకముందే అక్కడున్న టీచర్ని అడగండి.

గల్ఫ్ అయితే రెండు రకాలు. యూనివర్సిటీ, కాలేజీ ఉద్యోగాలు, వీటికి ఎం.ఏ., రెండు మూడేళ్ళ కాలేజీ అనుభవం, పైన చెప్పిన కోర్సు, ఐఎల్ట్స్‌లో 7.5 లేదా 8 ఉంటే వరసలో నిలబడొచ్చు. రెండోది ఇండియన్ స్కూళ్ళు, సీబీఎస్‌ఈవి, భర్త వీసా మీద అక్కడే ఉన్న ఆడవాళ్ళే ఎక్కువగా చేరతారు కాబట్టి జీతం తక్కువ ఇచ్చినా వాళ్ళకి నడుస్తుంది, ఇక్కడి నుంచి ఒక్కరూ అద్దె కట్టుకుని ఉండటానికి సరిపోదు. మొదటి రకంలో కూడా నేరుగా యూనివర్సిటీ తీసుకుంటోందా, మధ్యలో కాంట్రాక్టు కంపెనీ ఉందా అనేది చూడాలి. నేను పనిచేసిన కంపెనీకి ఒక ఏడాది టెండరు పోయింది, జూన్‌లో నలభైమందిని ఒకే మెయిల్‌తో పంపేశారు, అంతకు ముందు మూడు నెలల జీతం ఆలస్యం. పాస్‌పోర్టు కూడా వాళ్ళ లాకర్లోనే పెట్టుకునేవాళ్ళు, అది చట్టం ఒప్పుకోని పని అని మాకూ తెలుసు, వాళ్ళకీ తెలుసు.

పిల్లలు మాత్రం బంగారం. 25 శాతం గైర్హాజరు దాటితే పరీక్షకి రానివ్వరు, దాన్ని హిర్మాన్ అంటారు, ఆఖరి వారంలో నా గది ముందు క్యూ కట్టి "టీచర్, బ్లీజ్" అని బతిమాలుతూ ఒకడు ఖర్జూరాలు, ఇంకోడు తాతగారి ఆరోగ్యం కథలు. తాతలు ఆ వారంలో చాలామంది పోయేవాళ్ళు.

బాబు సంగతి. ఇది జీతం కంటే ముందు తేల్చుకోవాల్సింది. సౌదీలో 2017 జులై నుంచి కుటుంబంలో ఒక్కొక్కరికి నెలకి 100 రియాళ్ళ ఫీజు పెట్టారు, ఏటా 100 పెంచుకుంటూ 2020కి 400 చేశారు. మా ఇంట్లో నేను కాక ముగ్గురు, 400 చొప్పున లెక్కేస్తే ఏడాదికి 14,400 రియాళ్ళు, అంటే దాదాపు రెండు నెలల జీతం, అదీ ఇఖామా, అంటే అక్కడ ఉండటానికిచ్చే పర్మిట్, రెన్యూ చేసేటప్పుడు ముందే కట్టాలి. 2018లోనే వాళ్ళని ఖమ్మం పంపేశాను, మేమున్న వీధిలో తెలుగు కుటుంబాల్లో ఆ రెండేళ్ళలో మిగిలింది రెండే. అందుకే 2019లో ఒమన్‌కి మారాను, అక్కడ ఇల్లు, కుటుంబం, స్కూలు కుదిరాయి, శివరాత్రికి పాత మస్కట్ శివాలయంలో లైన్లో నిలబడితే ముందు వెనక తెలుగే వినిపించేది. మీ విషయంలో ఇంకో చిక్కుంది, మీ పేరు మీద వీసా వచ్చినా మీవారికి కుటుంబ వీసా అన్నిచోట్లా ఇవ్వరు, ఆయన ఏం చేస్తారో మీరు రాయలేదు. హెచ్‌ఆర్‌ని మెయిల్లో అడిగి మెయిల్లోనే జవాబు తీసుకోండి, ఫోన్లో "నో ప్రాబ్లమ్ మేడమ్" అంటే దానికి విలువ లేదు.

కాగితాల పని ఈ రోజే మొదలుపెట్టండి, ఉద్యోగం వచ్చినా రాకపోయినా. మనవాళ్ళకి అన్నింటికంటే పెద్ద తలనొప్పి పేరు. టెన్త్ మెమోలో ఇంటిపేరు ముందు, డిగ్రీలో ఇనీషియల్స్, పాస్‌పోర్టులో ఇంటిపేరు వెనక, పెళ్ళయ్యాక కొందరికి అదీ మారుతుంది. ఎంబసీ గుమాస్తాకి వీళ్ళు ముగ్గురు వేరే మనుషులు. నా అటెస్టేషన్ దీనివల్లే నాలుగు నెలలు ఆగింది. యూనివర్సిటీ నుంచి సర్టిఫికెట్ సరైనదే అనే ధ్రువీకరణ, తర్వాత రాష్ట్ర ప్రభుత్వ ముద్ర, తర్వాత విదేశాంగ శాఖది. ఒమన్, సౌదీ ఇప్పుడు అపోస్టిల్ ఒప్పందంలో (ఒక దేశం వేసిన ముద్రని మిగతా దేశాలు ఒప్పుకునే ఏర్పాటు) ఉన్నాయి, సౌదీ 2022 డిసెంబరులో చేరింది, కాబట్టి మా రోజుల్లోలా ఎంబసీ ముద్ర కోసం తిరిగే బాధ తగ్గింది. కాలేజీ నుంచి అనుభవం సర్టిఫికెట్ ఇప్పుడే, ప్రిన్సిపాల్‌తో మంచిగా ఉన్నప్పుడే తీసుకోండి, రాజీనామా చేశాక ఆయన ఫోన్ ఎత్తరు.

సౌదీ వెళితే ఒక లెక్క గుర్తుంచుకోండి. ఉద్యోగం వదిలేటప్పుడు ఇచ్చే ముగింపు డబ్బు మొదటి ఐదేళ్ళకి ఏడాదికి సగం నెల జీతం, ఆ తర్వాత ఏడాదికి ఒక నెల. కానీ మీ అంతట మీరు రాజీనామా చేస్తే రెండేళ్ళ లోపు ఏమీ రాదు, ఐదేళ్ళ లోపు మూడో వంతే. నా స్నేహితుడొకడు కోపంలో నాలుగేళ్ళ పదకొండో నెలలో కాగితం విసిరేశాడు, ఐదేళ్ళు దాటేదాకా పళ్ళు బిగబట్టి ఉంటే మూడింట రెండు వంతులు వచ్చేది.

ఇక ఆవకాయ. నిక్షేపంగా తీసుకెళ్ళండి, నూనె కారకుండా రెండు కవర్లు కట్టి చెక్ ఇన్ పెట్టెలో వేయండి, చేతి బ్యాగులో పెడితే మన ఎయిర్‌పోర్టులోనే తీసేస్తారు. అమ్మ కట్టిచ్చే మసాలా పొడి మాత్రం అడిగి చూసుకోండి, అందులో గసగసాలు ఉంటే గల్ఫ్‌కి అస్సలు వద్దు, అక్కడ అవి మత్తు మందు కింద లెక్క.